తుపాకీకి మోటారు నూనెలు: ఏది వాడవచ్చు, ఏది కూడదు

సికింద్రాబాదు రాణిగంజ్‌లో బేరింగులు, పనిముట్లు, నూనెలు అమ్మే దుకాణాల వరుసలో ఏ కొట్టు ముందు నిలబడి లీటరు ఇంజన్ ఆయిల్ అడిగినా, కొట్టులోని కుర్రవాడు మొదట వేసే ప్రశ్న ఒక్కటే: “ఏ బండికి సార్?” బండికి కాదు, ఇంట్లో బీరువాలో ఉన్న లైసెన్సు తుపాకీకి అని నలుగురిలో చెప్పడం బాగుండదు కనుక, నేను నా పాత స్కూటరు పేరు చెప్పి తెచ్చుకునేవాణ్ణి. ఇలా చేసేది నేనొక్కణ్ణే కాదని, షూటింగ్ రేంజికి వచ్చేవారిలోనూ, తాతల నాటి ట్వెల్వ్ బోర్ వేట తుపాకీని వారసత్వంగా పొంది ఏడాదికి రెండుసార్లు తుడిచి పెట్టుకునేవారిలోనూ చాలామందిది ఇదే దారి అని తరవాత తెలిసింది.

ఇంజన్ ఆయిలే చాలన్న వారి వాదనలో బలం లేకపోలేదు. తుపాకీ నూనె పేరుతో వచ్చే దిగుమతి సీసా అరచేతిలో ఇమిడేంత ఉంటుంది, దాని ధర చూస్తే బైకు ఇంజన్ ఆయిల్ డబ్బా గుర్తుకు రాక మానదు. ఇంజన్‌లో నిమిషానికి వేల చుట్లు తిరిగే క్రాంక్‌ను కాపాడే నూనె, వారానికి యాభై గుండ్లు కాల్చే పాయింట్ టూటూ రైఫిలు బోల్టును (తూటాను లోపలికి నెట్టి మూసే భాగాన్ని) కాపాడలేదా అన్న ప్రశ్నకు, కాపాడగలదు అన్నదే నిజాయితీగల జవాబు. అయితే ఆ జవాబు సగమే. హైదరాబాదులో తుపాకీ ఉన్నవారికి రాపిడి చిన్న సమస్య, తుప్పు పెద్ద సమస్య. రాపిడి విషయంలో శుభ్రమైన నూనె ఏదైనా దాదాపు సరిపోతుంది. తుప్పు విషయంలోనే ఒక నూనెకూ మరొక నూనెకూ మధ్య తేడా బయటపడుతుంది. ఇక్కడి చలికాలపు రాత్రులు పది డిగ్రీల దిగువకు దిగడం అరుదు కనుక, మంచు దేశాలవారు రాసే “నూనె గడ్డకట్టి బోల్టు కదలలేదు” వంటి హెచ్చరికలను మనం పక్కన పెట్టవచ్చు. మనకు ఉన్నవి మే నెల ఎండలో కిందికి జారిపోయే నూనె, జూలై నుంచి సెప్టెంబరు దాకా గాలిలో నిలిచే తేమ, ఏడాది పొడవునా ఉండే దుమ్ము.

తుపాకీ శుభ్రం చేయడానికి కూర్చునే ముందు తూటాలు తీసివేసి, చాంబర్‌ను, అంటే తూటా కూర్చునే అరను, కంటితో చూసి, వేలితో తడిమి, ఆ తూటాలను వేరే గదిలో పెట్టి రావడం ఈ వ్యాసంలోని ప్రతి మాటకూ ముందు జరగవలసిన పని.

ఇంజన్‌లో నూనె, తుపాకీలో నూనె

కారు ఇంజన్‌లో మూడు నాలుగు లీటర్ల నూనె నిరంతరం తిరుగుతూ ఉంటుంది. అది సుమారు 90 నుంచి 110 డిగ్రీల వేడిలో పని చేస్తుంది. మసిని తనలో కలుపుకొని ఫిల్టరు దాకా మోసుకుపోతుంది. వేడికి తనలోని తేమను ఆవిరిగా వదిలేస్తుంది. తుపాకీలో ఉండేది ఒక చుక్క. అది ఎక్కడికీ తిరగదు, దానికి ఫిల్టరు లేదు, తేమను వదిలించుకునేంత వేడి దానికి చాలాసేపు అందదు. వేసిన చోటే వారాల తరబడి పలుచని పొరగా నిలిచి, గాలిలోని తేమకూ ఉక్కుకూ మధ్య అడ్డుగా ఉండటమే దాని ఉద్యోగం.

ఈ తేడా అర్థమైతే డబ్బా మీద రాసిన గొప్పలలో మనకు పనికివచ్చేవి ఎన్నో తేలిపోతుంది. ఇంజన్ ఆయిల్‌లో అరుగుదలను ఆపడానికి కలిపే జింకు సమ్మేళనం వేడి, ఒత్తిడి రెండూ కలిసినప్పుడే లోహం మీద బాగా పొర కడుతుంది. చల్లగా ఉండే రైఫిలు బోల్టు మీద దానికి పెద్దగా పని దొరకదు. మసిని పట్టి ఉంచే డిటర్జెంట్లు, డిస్పర్సెంట్లు మాత్రం కొంత ఉపయోగపడతాయి, ఎందుకంటే కాలిన మందు మసి గట్టిపడి అంటుకుపోకుండా మెత్తగా ఉంటే తరవాత గుడ్డతో తుడవడం తేలిక. కానీ ఆ మసిని మోసుకుపోయే ప్రవాహం లేదు కనుక తుడిచే చేయి మనదే కావాలి.

ఇంజన్ ఆయిల్, ఏటీఎఫ్, గేర్ ఆయిల్

మన బైకుల్లో పోసే నూనెల మీద 10డబ్ల్యూ-30, 20డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-50 అని రాసి ఉంటుంది. డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ఆ నూనె ఎంత పలుచగా పారుతుందో చెబుతుంది. హైదరాబాదు తుపాకీకి దాని గురించి బెంగ అక్కరలేదు. చూడవలసింది మన గది వేడిలో దాని చిక్కదనం. నలభై డిగ్రీల దగ్గర 20డబ్ల్యూ-40 నూనె, ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్ల కార్లలో పోసే నూనె) కంటే మూడింతలకు పైగా చిక్కగా ఉంటుంది. కుట్టుమిషను నూనె ఏటీఎఫ్ కంటే కూడా పలుచన. చిక్కని నూనె వేసిన చోట నిలుస్తుంది కానీ సందుల్లోకి వెళ్లదు, పైగా దుమ్మును పట్టుకుంటుంది. పలుచని నూనె సందుల్లోకి వెళుతుంది కానీ మే నెలలో నిలబెట్టిన తుపాకీ మీది నుంచి జారిపోతుంది. నా చేతిలో 10డబ్ల్యూ-30 సింథటిక్ నూనె ఈ రెండింటికీ మధ్యస్థంగా కుదిరింది. పిస్టలు స్లైడు జారే గాడుల్లోనూ, బోల్టు వెనుక ఒరిపిడి పడే చోటా, రివాల్వరు సిలిండరు తిరిగే ఇరుసు మీదా సూది మొనతో ఒక్కొక్క చుక్క పెట్టి, రెండు మూడుసార్లు ఆడించి, పైకి తేలినదాన్ని తుడిచేస్తే చాలు. మెకానిక్కులు వాడే బనియన్ గుడ్డకు మించిన గుడ్డ ఈ పనికి లేదు, పోగులు రాలవు.

ఇంజన్ ఆయిల్ లోపం తుప్పు దగ్గర కనబడుతుంది. దానిలోనూ తుప్పును అడ్డుకునే పదార్థాలు ఉంటాయి, కాకపోతే అవి రోజూ నడిచే ఇంజన్ లోపలి భాగాల కోసం ఉద్దేశించినవి. చేతి చెమట అంటిన తుపాకీని స్పాంజి కవరులో పెట్టి మూడు నెలలు మరిచిపోయేవాడి కోసం వాటిని కలపలేదు. దీనికి భిన్నంగా, అమెరికా సైన్యం ఆయుధాల కోసం పెట్టుకున్న మిల్-పీఆర్ఎఫ్-63460 అనే ప్రమాణం శుభ్రపరచడం, జారుడునివ్వడం, తుప్పు పట్టకుండా కాపాడటం అనే మూడు పనులనూ ఒకే నూనె నుంచి కోరుతుంది. ఇలాంటి నూనెను సీఎల్‌పీ అంటారు; ఆ పేరులోని మూడు అక్షరాలు (క్లీన్, లూబ్రికేట్, ప్రొటెక్ట్) ఆ మూడు పనులే. సీసా మీద ఈ ప్రమాణం పేరు ఉంటే ఆ ధరలో కొంత భాగానికి అర్థం ఉన్నట్టు. ఏ ప్రమాణమూ లేకుండా తుపాకీ బొమ్మ మాత్రమే ఉంటే ఆ డబ్బుకు ఇంజన్ ఆయిలే మేలు.

ఏటీఎఫ్ అంటే ఆటోమేటిక్ గేర్ల కార్లలోనూ, కొన్ని పవర్ స్టీరింగుల్లోనూ పోసే ఎర్రటి నూనె. ఇది పలుచన, సందుల్లోకి చక్కగా పాకుతుంది, మసిని మెత్తబరుస్తుంది. ఏటీఎఫ్, కిరసనాయిలు, మినరల్ స్పిరిట్స్, అసిటోన్ సమపాళ్లలో కలిపి గొట్టం శుభ్రం చేసుకునే ద్రావకాన్ని అమెరికాలో “ఎడ్స్ రెడ్” అంటారు, మసి మీద అది బాగానే పని చేస్తుంది. కానీ అసిటోన్ కట్టె పిడి మీది వార్నిషునూ, కొన్ని ప్లాస్టిక్కులనూ తినేస్తుంది, దాని ఆవిరి దీపపు మంటకు కూడా అంటుకుంటుంది. అపార్టుమెంటు బాల్కనీలో, పక్కనే గ్యాస్ పొయ్యి ఉన్న వంటింటి కిటికీ కింద ఈ మిశ్రమం కలపడాన్ని నేను ఎవరికీ సలహా ఇవ్వను. విడి ఏటీఎఫ్‌ను మాత్రం రేంజిలో పని ముగిసిన సాయంత్రం పాయింట్ టూటూ బోల్టును కడగడానికి వాడతాను, ఎందుకంటే టూటూ సీసపు గుండ్ల మీది మైనం, కాలిన మందు కలిసి బోల్టు ముఖం మీద పేరుకునే నల్లటి మడ్డి దానికి త్వరగా లొంగుతుంది.

గేర్ ఆయిల్ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. గేరు పళ్ల మీద పడే విపరీతమైన ఒత్తిడిని తట్టుకోవడానికి దానిలో గంధక, భాస్వర సమ్మేళనాలు కలుపుతారు. తుపాకీలో ఆ అవసరం లేదు. ఇంట్లో వాసన ఒక పట్టాన పోదు. ఇత్తడి, రాగి భాగాలకు అది మంచిది కూడా కాదు. సర్వీసింగ్ షెడ్డులో దింపిన వాడేసిన ఇంజన్ ఆయిల్ విషయమైతే ఇంకా స్పష్టం: ఉచితంగా ఇచ్చినా వద్దు. అందులో లోహపు రజను, ఆమ్లాలు, చర్మానికి కీడు చేసే కాలిన పదార్థాలు ఉంటాయి. బ్రేక్ ఆయిల్ అని మనం పిలిచేది అసలు కందెనే కాదు; అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పిడి మీది రంగును, వార్నిషును లేపేస్తుంది.

గ్రీజు: ఎంత తక్కువైతే అంత మంచిది

గ్రీజు అంటే సబ్బులో పట్టి ఉంచిన నూనె. స్పాంజి నీటిని పట్టినట్టు లిథియం సబ్బు నూనెను పట్టుకొని, ఒత్తిడి పడిన చోట కొద్దికొద్దిగా వదులుతుంది. అందుకే అది వానకు కొట్టుకుపోదు, ఎండకు జారిపోదు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికుల ఎం1 గరాండ్ రైఫిళ్లకు వానలో నూనె నిలవక గ్రీజు ఇవ్వవలసి వచ్చింది. ఆ రైఫిలు నేటికీ గ్రీజుతోనే బాగా నడుస్తుంది.

దుకాణంలో గ్రీజు అడిగితే మన చేతిలో పెట్టేది తరచుగా చక్రాల బేరింగులకు వాడే ఏపీ3 లేదా ఎంపీ3 రకం. ఆ 3 అంకె గట్టిదనాన్ని సూచిస్తుంది. ఎన్ఎల్‌జీఐ అనే కొలమానంలో 000 మొదలు 6 దాకా అంకెలుంటాయి, అంకె పెరిగిన కొద్దీ గ్రీజు గట్టిపడుతుంది. తుపాకీకి 2 గానీ, ఇంకా మెత్తని 1 గానీ కావాలి. ఇంట్లో 3 మాత్రమే ఉంటే నాలుగు చుక్కల ఇంజన్ ఆయిల్ వేసి సీసా మూతలో పుల్లతో కలిపి మెత్తబరచుకోవచ్చు. నేనైతే చిన్న డబ్బా 2 కొనుక్కోవడమే నయమనుకుంటాను.

గ్రీజుకు అసలైన చోటు జోడు గొట్టాల ట్వెల్వ్ బోర్‌లో ఉంది. తుపాకీని మధ్యకు విరిచి చూస్తే గొట్టాల కింది ముద్ద ఒక అడ్డకడ్డీ మీద తిరుగుతూ కనిపిస్తుంది. తెరిచి మూసిన ప్రతిసారీ బరువంతా ఆ కడ్డీ మీదే పడుతుంది. అక్కడ నూనె మాత్రమే వేస్తూ ముప్పై ఏళ్లు వాడిన తుపాకీని చెవి దగ్గర పెట్టి కదిపితే చిన్న టకటక వినిపిస్తుంది, అది అరిగిన ఇనుము చప్పుడు. పాత గ్రీజును కిరసనాయిలులో ముంచిన గుడ్డతో పూర్తిగా తుడిచి, పెసర గింజంత కొత్త గ్రీజును వేలితో ఆ ముద్ద వంపు మీద పులిమితే చాలు. తుడవకుండా పాతదాని మీదే కొత్తది రాస్తే, అందులో ఇరుక్కున్న దుమ్ము ఆకురాయిలా పని చేస్తుంది.

గ్రీజు వెళ్లకూడని చోటు ఫైరింగ్ పిన్ను దారి. అక్కడ చిక్కని పదార్థం చేరితే పిన్ను దెబ్బ మెత్తబడుతుంది, తూటా పేలదు. ఆ దారిని పొడిగానో, నూనె తడి ఆనవాలుగా మాత్రమే ఉండేటట్టో ఉంచాలి. మోలిబ్డినం కలిసిన నల్లటి గ్రీజు, అంటే కార్ల సీవీ జాయింట్లలో వాడేది, గట్టి ఒత్తిడి ఉన్న చోట పని బాగానే చేస్తుంది. కానీ చొక్కా చేతికి అంటితే ఇంట్లో జవాబు చెప్పుకోవలసింది మనమే.

కిరసనాయిలు, స్ప్రే డబ్బా, కొబ్బరినూనె

కిరసనాయిలు కడగడానికి మంచిది, కాపాడటానికి పనికిరాదు. అది ఆరిపోయాక ఉక్కు ఒంటి మీద ఏమీ మిగలదు. కడిగిన గంటలోపు వేరే నూనె రాయకపోతే వానాకాలంలో మరునాటికే ఎర్రటి పొడి కనిపిస్తుంది.

డబ్ల్యూడీ-40 స్ప్రే 1953లో శాన్ డియాగోలో క్షిపణుల లోహపు తొడుగును తేమ నుంచి కాపాడటానికి పుట్టింది. పేరులోనే నీటిని తొలగించడం అన్న అర్థం ఉంది, నలభై అన్నది ఎన్నో ప్రయత్నమో చెప్పే అంకె. వానలో తడిసిన తుపాకీ సందుల్లోంచి నీటిని తరిమేయడానికి అది చక్కని సాధనం. అయితే అందులో ఎక్కువ భాగం ఎగిరిపోయే ద్రావకం. మిగిలే పొర పలుచన, తుపాకీ తాళం (ట్రిగ్గరు యంత్రాంగం) భాగాల్లో మళ్లీ మళ్లీ కొడుతూ పోతే ఏళ్ల తరవాత గోధుమ రంగు జిగురుగా మిగులుతుంది.

కొబ్బరినూనె, ఆవనూనె వంటివి వాడే పెద్దవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. డిసెంబరు ఉదయం స్నానాల గదిలో గడ్డకట్టిన కొబ్బరినూనె సీసాను ఒక్కసారి చూస్తే, అదే నూనె ట్రిగ్గరు భాగాల్లో ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. గింజల నూనెలు గాలి తగిలి మెల్లగా జిగురుకడతాయి. మా తాతగారి తుపాకీ తాళపు పలకను నేను మొదటిసారి విప్పించినప్పుడు లోపల ఉన్నది బెల్లం పాకంలాంటి పదార్థం. వాటికంటే కుట్టుమిషను నూనె ఎంతో మేలు: శుభ్రమైన, పలుచని ఖనిజ నూనె, వాసన లేదు, జిగురు కట్టదు. వారం వారం తుడుచుకునే ఓపిక ఉన్నవారికి అది చవకలో దొరికే మంచి ఎంపిక. ఓపిక లేనివారికి కాదు.

ఠాణాలో పెట్టి వచ్చేటప్పుడు

లైసెన్సుదారులందరికీ తెలిసిన సంగతి ఇది: ఎన్నికల నియమావళి అమలులోకి రాగానే తుపాకీని పోలీస్ స్టేషన్‌లోనో, అనుమతి ఉన్న డీలరు దగ్గరో అప్పగించవలసి వస్తుంది. తెలంగాణలో 2023 అక్టోబరు 9న శాసనసభ ఎన్నికల ప్రకటన వెలువడింది. అది ముగిసి ఊపిరి పీల్చుకునేలోపు 2024 మార్చి 16న లోక్‌సభ ఎన్నికల ప్రకటన వచ్చింది. రెండుసార్లూ తుపాకీ వారాల తరబడి మన చేతిలో లేదు, తుడిచే దిక్కు లేదు.

మొదటిసారి నేను చేసిన తప్పు పూర్తిగా నాదే. హడావిడిగా స్ప్రే కొట్టి, స్పాంజి లోపలి భాగమున్న రెగ్జిన్ కవరులో పెట్టి, జిప్పు వేసి ఇచ్చి వచ్చాను. డిసెంబరులో తెచ్చుకొని విప్పితే, రెండు గొట్టాల మధ్య పట్టీ పొడవునా ఆవగింజలంత ఎర్రటి చుక్కలు. గొట్టం ఎడమవైపున నా బొటనవేలి ముద్ర గీతలతో సహా తుప్పులో అచ్చుపడి ఉంది. తుపాకీ మీది నల్లపూత తుప్పును ఆపుతుందని చాలామంది అనుకుంటారు, కానీ ఆ పూత చేసేది నూనెను పట్టి ఉంచడమే. పట్టుకోవడానికి నూనె లేకపోతే అది రంగు మాత్రమే. స్పాంజి తేమను దాచుకోగా, చెమటలోని ఉప్పు మిగతా పని చేసింది.

మార్చిలో రెండోసారి పద్ధతి మార్చాను. తుపాకీని కిరసనాయిలుతో తుడిచి ఆరబెట్టి, చేతికి సన్నని తొడుగు వేసుకొని, బయటి ఉక్కు అంతటికీ లిథియం గ్రీజును కంటికి కనిపించీ కనిపించనంత పొరగా రాశాను. గొట్టాల లోపల గుడ్డకు పట్టించిన చిక్కని ఇంజన్ ఆయిల్‌ను ఒకసారి నడిపించి, స్పాంజి కవరు బదులు పాత నూలు పంచె గుడ్డలో చుట్టి ఇచ్చాను. జూన్‌లో వచ్చేటప్పటికి ఒక్క చుక్క తుప్పు లేదు. గ్రీజు తుడవడానికి అరగంట పట్టింది, ఆ అరగంటకు నాకు ఫిర్యాదు లేదు. ఇదే పనికి ప్రత్యేకించిన తుప్పు నివారణ నూనె దొరికితే అది ఇంకా శుభ్రంగా ఉంటుంది. దొరకనప్పుడు మోటారు దుకాణంలో గ్రీజుకు సాటి వచ్చేది మరొకటి లేదు.

నిలవ ఉంచేటప్పుడు గొట్టం మూతిని కిందికి ఉంచడం మంచిది. పిడి కిందికి ఉంటే నూనె మెల్లగా దిగి, పిడి ఉక్కును కలిసే సన్నని చోట కట్టెలోకి ఇంకుతుంది. పాత జోడు తుపాకుల్లో ఆ చోటు నల్లబడి మెత్తగా ఉండటానికి కారణం వయసు కాదు, దశాబ్దాల నూనె.

ఏ నూనె మీద నమ్మకం ఉందో తేల్చుకోవడానికి తుపాకీనే పణంగా పెట్టనక్కరలేదు. ఒకే ఇనుప పట్టీని నాలుగు ముక్కలు కోయించి, కిరసనాయిలుతో కడిగి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క నూనె రాసి, జూలైలో వాన చినుకు పడని బాల్కనీ మూలలో వేలాడదీసి పది రోజులు చూడండి. మీ ఇంటి గాలిలో ఏది నిలుస్తుందో కళ్లారా తెలుస్తుంది.

తిరిగి కాల్చే ముందు గొట్టాన్ని, చాంబర్‌ను పొడి గుడ్డతో తుడవడం తప్పనిసరి. చాంబర్‌లో నూనె ఉంటే తూటా గోడలకు పట్టు దొరకక బోల్టు మీద వెనుకకు పడే ఒత్తిడి పెరుగుతుంది; పలుచని నూనె తూటా అడుగున ఉండి మందును అంటించే ప్రైమరులోకి పాకితే అది పేలకపోవచ్చు.

ఎయిర్ రైఫిలుకు మాత్రం ఇవేవీ వద్దు

హైదరాబాదు షూటర్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో. ఇప్పుడు నగరంలో పిల్లలు మొదట పట్టేది కూడా చాలావరకు అదే. ఆ తల్లిదండ్రులలో కొందరు ఇంట్లో ఉన్న ఇంజన్ ఆయిల్‌నే దీనికీ వేయవచ్చు కదా అని అడుగుతారు. కూడదు. పోటీ రైఫిళ్ల సిలిండరులో గాలి సుమారు 200 బార్ల ఒత్తిడితో ఉంటుంది. గాలిని ఒక్కసారిగా నొక్కితే అది విపరీతంగా వేడెక్కుతుంది, డీజిల్ ఇంజన్ స్పార్కు ప్లగ్గు లేకుండా మండేది ఆ వేడితోనే. అక్కడ పెట్రోలియం నూనె గానీ గ్రీజు గానీ ఉంటే అంటుకునే ప్రమాదం ఉంది. స్ప్రింగు ఎయిర్ గన్నులోనూ పిస్టను ముందు పడిన చుక్క నూనె అదే పని చేసి, చప్పుడుతో సీలును పాడుచేస్తుంది.

గాలి తగిలే రబ్బరు సీళ్లకు, కంపెనీ చెప్పిన చోట మాత్రమే, సిలికోన్ గ్రీజు వాడాలి. అదే సిలికోన్‌ను ఉక్కు మీద ఉక్కు ఒరిసే చోట రాస్తే అది సరిగా కాపాడలేదు, కనుక స్ప్రింగుకు, ట్రిగ్గరుకు రైఫిలు పుస్తకంలో చెప్పినదే వేయాలి. మా ఇంట్లో రెండు డబ్బాలు వేర్వేరు అరలలో ఉంటాయి. ఎయిర్ రైఫిలు పెట్టెలోని డబ్బా మూత మీద మా అమ్మాయి ఎర్ర సిరాతో “నాన్న నూనె కాదు” అని రాసి పెట్టుకుంది.